పోలీసుకు చూపించే కాయితం: సిరొంచలో బండి ఇన్సూరెన్సు

నాగేపల్లిలో ఉండే మా అక్క కూతురు శ్రావణి ఈ మధ్య బీమా ఏజెంటు అయింది. ఫోనులోనే పాఠాలు విని, ఫోనులోనే పరీక్ష రాసి, ఫోనులోనే సర్టిఫికెట్టు తీసుకుంది. నా కాలంలో దానికోసం నాగపూర్ దాకా పోయి, మూడు రోజులు బెంచీ మీద కూర్చుని, లెక్కలేనన్ని చాయలు తాగి వచ్చాను. నేర్చుకున్న విషయానికి వస్తే ఇద్దరం సమానమే. ఇద్దరికీ ఏమీ రాలేదు.

కొత్త ఏజెంట్లకు పనికొస్తుంది, నీ అనుభవాలు రాసివ్వమని ఆ అమ్మాయి అడిగింది. నా ప్రమోషన్ల గురించి రాయను, ఎందుకంటే ఏజెంటుకు ప్రమోషన్లు ఉండవు. టార్గెట్ దాటినందుకు కంపెనీ ఇచ్చిన షీల్డు ఒకటుంది. గాలికి తలుపు కొట్టుకోకుండా మా ఆవిడ దాన్ని అడ్డం పెడుతుంది. అంతకు మించి దానివల్ల ఎవరికీ మేలు జరిగినట్టు నాకు తెలియదు. అందుకని ఇక్కడ నా తప్పులు రాస్తున్నాను. అవి కొందరికి నిజంగానే తగిలాయి.

నా వ్యాపారానికి పోలీసుల సాయం

మా నాన్న మహారాష్ట్ర అంచున, గోదావరి ఒడ్డున ఉన్న సిరొంచలో ఒకరి పొలంలో పాలేరు. నేను మరాఠీ బడిలో చదివి, ఎట్లాగో బీయే గట్టెక్కి, ఉద్యోగం దొరక్క బీమా ఏజెంటునయ్యాను. అప్పట్లో మా ఊళ్లో మోటర్ సైకిళ్లు తక్కువ. మాస్టర్లకు, దుకాణదారులకు, తునికాకు కాంట్రాక్టర్లకు ఉండేవి. వాళ్లలో ఏ ఒక్కరూ ప్రమాదానికి భయపడి ఇన్సూరెన్సు తీసుకోలేదు. పోలీసుకు భయపడి తీసుకున్నారు. బస్టాండు దగ్గర చెకింగు మొదలైందంటే ఆ సాయంత్రం మా ఇంటి ముందు బండ్లు బారులు తీరేవి. పోలీసులు నా దగ్గర జీతం తీసుకోకుండా పనిచేసిన ఉద్యోగులు.

అందరూ దాన్ని పోలీసు కాయితం అనేవాళ్లు. నేనూ అదే అనేవాణ్ణి. అసలు పాలసీ వచ్చేదాకా చెల్లే కవర్ నోట్‌ను కార్బన్ పేపరు పెట్టి చేత్తో రాసేది. బండి కింద పడుకుని, ఛాసిస్ నంబరు మీద తెల్లకాగితం పెట్టి, పెన్సిలుతో రుద్ది అచ్చు తీసేది. బట్టలకు మసి అంటుకుంటే జనానికి నేనేదో గొప్ప పని చేస్తున్నట్టు కనిపించేది. రెండు మూడు నెలలకు అసలు పాలసీ పోస్టులో వచ్చేది. చీమ తలకాయంత అక్షరాలు, అంతా ఇంగ్లీషు. కస్టమరు దాన్ని నాలుగు మడతలు పెట్టి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి, సీటు కింద దాచేవాడు. సగం ఎలుకలకు, సగం వానకు పోయేది.

అందులో ఏముందని నన్నెవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి నాకూ తెలియదు. ఆ విధంగా మా మధ్య సంపూర్ణమైన నమ్మకం ఉండేది.

నాకు తెలిసిందల్లా రెండే రకాలు. ఒకటి థర్డ్ పార్టీ, అంటే మన బండి ఎవరినైనా గుద్దితే వాళ్లకు కంపెనీ పరిహారం ఇచ్చేది. రెండోది ఫుల్, అంటే మన బండికి దెబ్బ తగిలినా వచ్చేది. ఈ రెండు ముక్కల జ్ఞానంతో నేను ఏళ్ల తరబడి సలహాలు ఇచ్చాను. నా ధైర్యం తలుచుకుంటే ఇప్పుడు నాకే భయమేస్తుంది.

యాకూబ్ భాయ్ బండి

సిరొంచ బజారులో యాకూబ్ భాయ్ అనే బట్టల వ్యాపారి ఉండేవాడు. ఆయనకు దుకాణం లేదు, మోటర్ సైకిలే దుకాణం. వెనక చీరల మూటలు కట్టుకుని అంగడి రోజుల్లో గోదావరి దాటి అవతలి ఊళ్లకు పోయేవాడు. అప్పటికి నది మీద వంతెన లేదు. నలుగురు పట్టి బండిని పడవలోకి ఎక్కించాలి, అవతల నలుగురు పట్టి దించాలి. మా ఊళ్లో ఫుల్ ఇన్సూరెన్సు తీసుకున్న కొద్దిమందిలో ఆయన ఒకడు. బండికి ఏమైనా కంపెనీ చూసుకుంటుందని నేనే చెప్పి చేయించాను.

ఒక వానాకాలం మొదట్లో ఆయన ఎక్కిన పడవ అవతలి ఒడ్డు దగ్గర ఇసుక మేటకు తగిలి ఒరిగిపోయింది. నీళ్లు ఛాతీ లోతే కాబట్టి మనుషులు నడిచి ఒడ్డుకు చేరారు. బండీ మూటలూ మాత్రం మునిగాయి. రెండు రోజుల తర్వాత తాళ్లు కట్టి బండిని లాగారు. ఇంజన్ నిండా ఇసుక.

యాకూబ్ భాయ్ నేరుగా నా దగ్గరికి వచ్చాడు. ముఖంలో పెద్ద బాధ కూడా లేదు. ఇన్సూరెన్సు ఉంది కదా అన్న ధీమా. నేను ఎస్టీడీ బూతుకు పోయి చంద్రపూర్‌లోని మా బ్రాంచికి ఫోను చేశాను. అప్పటి మేనేజరు సాయంకాలం నాలుగు తర్వాత ఎవరికీ దొరికేవాడు కాదు, ఆ రోజు అదృష్టం కొద్దీ దొరికాడు. అంతా విని మరాఠీలో అన్నాడు: బండి నడిచేది రోడ్డు మీద, నదిలో నడిచేది పడవ, మీవాణ్ణి ఈసారి పడవకు ఇన్సూరెన్సు చేయించుకోమను. అని నవ్వాడు. పక్కనున్న గుమాస్తాలు నవ్వడం కూడా ఫోనులో వినిపించింది. నేనూ నవ్వాను. నా ఉద్యోగంలో నేను చేసిన మొదటి పెద్ద తప్పు ఆ నవ్వు.

వచ్చి యాకూబ్ భాయ్‌కి చెప్పాను. రూలు లేకపోతే నువ్వేం చేస్తావు మల్లేశ్ అని ఆయనే నన్ను ఓదార్చాడు. బండిని మెకానిక్కుకు తుక్కు కింద ఇచ్చేశాడు. తర్వాత చాలా కాలం సైకిలు మీద మూటలు కట్టుకుని ఇవతలి పల్లెలు మాత్రమే తిరిగాడు. అవతలి అంగళ్లలో ఆయన కూర్చునే జాగాలో ఇంకొకరు దుప్పటి పరిచారు. ఇంట్లో ఆయన భార్య జాకెట్లు కుట్టడం మొదలుపెట్టింది.

మరుసటి ఎండాకాలం నేను చంద్రపూర్ పోతుంటే ఆలపల్లి దాటాక అడవిలో బస్సు చెడిపోయింది. డ్రైవరు ఇంకో బస్సు కోసం కబురు పంపాడు. చదువుకోవడానికి నా సంచిలో ఒక కస్టమరు పాలసీ తప్ప ఇంకేమీ లేదు. వేరే దిక్కు లేక దాన్ని తీసి, వేలు పెట్టుకుని చదివాను. బండికి ఏ ఏ విధాలుగా నష్టం జరిగితే కంపెనీ ఇస్తుందో మొదటి పేజీలోనే జాబితా ఉంది. నిప్పు, దొంగతనం, వరద, కొండచరియ. ఆ వరసలోనే, బండిని రోడ్డు మీద గానీ, రైల్లో గానీ, లిఫ్టులో గానీ, విమానంలో గానీ తీసుకుపోతుండగా జరిగే నష్టం అని ఉంది. మధ్యలో ఒక ఇంగ్లీషు మాట నాకు అర్థం కాలేదు. పక్కన కూర్చున్న హైస్కూలు మాస్టారును అడిగాను. దేశం లోపలి జలమార్గం అని చెప్పాడు. అంటే ఏమిటని అడిగాను. నది అన్నాడు. గోదావరి కూడానా అని అడిగితే ఆయన నన్ను కాసేపు చూసి, నా చదువెంతో అడిగాడు.

ఆ పాలసీ రాసినవాళ్లు ఎక్కడో దూరదేశంలో కూర్చుని, మోటర్ సైకిలు లిఫ్టు ఎక్కితే ఏమవుతుందో కూడా ఆలోచించారు. సిరొంచలో అప్పటికి లిఫ్టును చూసినవాడు లేడు. నదిని మాత్రం అందరూ చూశారు. అయినా పనికొచ్చే మాట మొదటి పేజీలో ఉండగా మేనేజరు చదవలేదు, నేనూ చదవలేదు.

చంద్రపూర్‌లో దిగి మేనేజరుకు ఆ వాక్యం చూపించాను. ఈసారి ఆయన నవ్వలేదు. నష్టం సంగతి రాతపూర్వకంగా తెలియజేశావా అని అడిగాడు. లేదు, ఫోను చేశాను. క్లెయిమ్ ఫారం నింపావా? లేదు. మేము తిరస్కరించినట్టు ఉత్తరం ఉందా? లేదు. అయితే అసలు క్లెయిమే లేదు, లేని దాని గురించి ఇప్పుడు నేనేం చేయాలి అన్నాడు. ఆయన అన్నది నిజం. అదే నాకు మింగుడుపడలేదు.

యాకూబ్ భాయ్‌కి చెప్పడానికి మూడు రోజులు ధైర్యం చాలలేదు. నాలుగో రోజు పోయాను. ఆయన సైకిలుకు మూటలు కడుతున్నాడు. నేను చెప్పిందంతా తాడు చేతిలో పట్టుకునే విన్నాడు.

“నేను చదువుకోలే, అందుకే నిన్ను అడిగిన” అన్నాడు. “నువ్వు చదువుకున్నవ్, గని చదవలే. జర నువ్వే చెప్పు మల్లేశ్, ఇద్దరిల అనపడ్ ఎవరు?”

కోపంగా అనలేదు. నిజంగానే జవాబు కోసం చూశాడు. రెండేళ్ల తర్వాత ఆయన మళ్లీ బండి కొన్నాడు. ఇన్సూరెన్సు అహేరి ఏజెంటు దగ్గర చేయించుకున్నాడు.

బాసులూ సర్వేయర్లూ

ఆ మేనేజరు చెడ్డవాడని నేననను. ఇంట్లో మంచి తండ్రి, ఆఫీసులో గణపతి పూజ బాగా చేయించేవాడు. ఆయనకు ఒక విద్య వచ్చు: ఎక్కడా కాగితం మీద పడకుండా కాదనడం. ఫోనులో కాదంటాడు, చాయ తాగుతూ కాదంటాడు, భుజం మీద చెయ్యేసి కాదంటాడు. పెద్ద దండ వేయించుకుని, మచ్చ లేకుండా రిటైరయ్యాడు. కాగితం మీద లేనిదానికి మచ్చ ఎక్కడ పడుతుంది?

కొత్తవాళ్లకు నేను చెప్పేది ఇదే. నష్టం జరిగితే అదే రోజు రాసి పంపండి, అందినట్టు సంతకం తీసుకోండి. కాదంటే, ఆ కాదన్నది కూడా రాసి ఇమ్మనండి. రాసి ఇమ్మన్న మరుక్షణం చాలామంది కాదనడం మానేస్తారు. నేను కళ్లారా చూశాను.

సర్వేయరు అంటే బండికి ఎంత దెబ్బ తగిలిందో చూడటానికి కంపెనీ పంపే మనిషి. అతను వచ్చి చూసేదాకా బండిని కదిలించకూడదని నియమం. మా వైపు రావాలంటే ముందు ఆయన ఆరోగ్యం బాగుండాలి, తర్వాత రోడ్డు బాగుండాలి, ఆ తర్వాత అడవిలో పరిస్థితి బాగుండాలి. ఈ మూడూ ఒకే వారంలో కుదరడం నేను తక్కువగా చూశాను. ఒకాయన అహేరి దాకా వచ్చి అక్కడే ఆగి, బండిని అక్కడికి తెమ్మన్నాడు. ట్రాక్టరు ట్రాలీలో వేసి తీసుకుపోయాము. శ్రద్ధగా ఫొటోలు తీసుకున్నాడు. నాలుగు వారాలకు రిపోర్టు వచ్చింది: వాహనాన్ని ప్రమాద స్థలం నుంచి కదిలించారు, కాబట్టి సిఫారసు చేయలేను. ఆయన రాతపూర్వకంగానే తెమ్మన్నాడు, ఆ చీటీ నా దగ్గర ఉంది కాబట్టి ఆ క్లెయిమ్ బతికింది.

పెర్మిలి నుంచి వచ్చిన మనిషి

ఇంతలో చట్టం మారింది. థర్డ్ పార్టీ తీసుకున్నవాళ్లకు కూడా, బండి సొంతదారు దాన్ని నడుపుతూ చనిపోతే అతని కుటుంబానికి పరిహారం ఇవ్వాలన్న మాట పాలసీలో చేరింది. దానికి ప్రీమియం కొంచెం పెరిగింది. కంపెనీ ఈ సంగతి మాకు ఒక సర్క్యులర్‌లో చెప్పింది. మేము దాన్ని కస్టమర్లకు చెప్పకుండా జాగ్రత్తపడ్డాం. చెబితే ఎందుకు పెరిగిందని వందమంది వంద ప్రశ్నలు వేస్తారు. పోలీసోళ్లు ఇప్పుడు గిట్లనే అడుగుతున్నరు అంటే ఏ ప్రశ్నా లేకుండా తీసుకుపోతారు.

పెర్మిలిలో చిన్నా మడావి అని మలేరియా విభాగంలో పనిచేసే అతను ఉండేవాడు. ఊరూరా తిరిగి జ్వరం వచ్చినవాళ్ల రక్తం గాజు పలకల మీద తీసుకునేవాడు. ఏటా వచ్చి బండి కాయితం చేయించుకునేవాడు. ఒక ఏడాది అతను రాలేదు. అతని భార్య సోనీబాయి వచ్చింది, తన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని, ఎండలో, రెండు బస్సులు మారి. పాత పాలసీ మడత విప్పి బల్ల మీద పెట్టింది. తమ్ముణ్ణి ఆలపల్లి దగ్గర పోలీసులు ఆపారట, తారీఖు దాటిపోయిందన్నారట, కొత్త కాయితం కావాలి.

నేను ఫారం తీసి పేరు రాస్తూ, ఈసారి ఆయన రాలేదేమని అడిగాను. తమ్ముడు తల దించుకున్నాడు. సోనీబాయికి అంగడిలో నేర్చుకున్న తెలుగు వచ్చు.

“ఆయన లేడు సారూ. వానకాలంల పోయిండు. గీ బండి మీదనే” అంది.

పెర్మిలి దారిలో వాగు మీది కల్వర్టు దగ్గర జారి పడ్డాడట. మంచం మీద మోసుకుపోయి ఆరోగ్య కేంద్రంలో చేర్చారట. రెండో రోజు పోయాడు. అప్పటికి పాలసీ అమల్లోనే ఉంది. నేను ఆ పాత కాయితం తిప్పి చూశాను. సొంతదారుకు ప్రమాద బీమా అన్న వాక్యం ఉంది. దాని కింద ఏజెంటు అన్న చోట నా సంతకం ఉంది. తన కుటుంబానికి ఆసరా కావలసిన కాయితాన్ని చేతిలో పట్టుకుని, దాన్ని మళ్లీ కొనుక్కోవడానికి ఆమె అంత దూరం వచ్చింది.

నాకు ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాను. తప్పు నాదని తెలిసీ, కొంచెం ఆమె మీదికి తోయాలని చూశాను.

“నీకెందుకు చెప్తం?” అంది, ఆశ్చర్యంగా. “నువ్వు పోలీసోళ్ల కాయితం ఇచ్చేటోనివి.”

ఆ రోజు నేను కొత్త పాలసీ రాయలేదు. క్లెయిమ్ ఫారం రాశాను. పోలీసు కేసు లేదు, పోస్టుమార్టం లేదు. అడవిలో ఎవరైనా చనిపోతే తీసుకుపోయి సంస్కారం చేస్తారు గానీ, భవిష్యత్తులో ఒక కంపెనీ గుమాస్తాకు సందేహం వస్తుందని శవాన్ని కోయించరు.

అప్పటికి మా బ్రాంచికి కొత్త మేడం వచ్చింది. పుణెలో పైవాళ్లతో పడక ఆమెను మా దగ్గరికి పంపారు. మా జిల్లాల వైపు మంచి అధికారులు సాధారణంగా అట్లాగే వస్తారు. నవ్వదు, చాయ తెప్పించదు, వచ్చినవాళ్లను కూర్చోమనదు. నా మాటంతా విని మొదట అడిగింది, ఈ బీమా ఉందని అతనికి బతికుండగా చెప్పావా అని. లేదన్నాను. ఆమె నా సంతకం మీద పెన్సిలు పెట్టి అన్న మాట నాకు మరాఠీలోనే గుర్తుంది. నీ సంతకం కింద దాచావన్నమాట అంది.

తర్వాత ఫైలు తెరిచింది. కంపెనీకి మనసు లేదు, ఫైలుంది, ఏది దొరికితే అది తెచ్చి ఇందులో పెట్టు అంది.

నేను పెర్మిలికి మూడుసార్లు పోయాను. ఊరి పోలీస్ పాటిల్, అంటే గ్రామంలో జరిగింది పోలీసులకు తెలియజేసే పెద్దమనిషి, బడిపిల్లల నోటుబుక్కులో ఊళ్లోని చావుపుట్టుకలు రాసి పెట్టుకునేవాడు. అందులో ఒక్క మరాఠీ వాక్యం దొరికింది, తారీఖుతో సహా. ఆరోగ్య కేంద్రంలో నర్సు పాత రిజిస్టర్లు దింపి, దుమ్ము దులిపి, మోటర్ సైకిల్ మీది నుంచి పడినందువల్ల అని రాసిన వరస చూపించింది. మిగిలింది లైసెన్సు. నడిపినవాడికి లైసెన్సు లేదంటే ఎంత పెద్ద ఫైలైనా చెత్తబుట్టకే.

సోనీబాయి లోపలికి పోయి ఒక రేకు పెట్టె తెచ్చింది. అందులో ఆ రోజు అతను వేసుకున్న చొక్కా ఉంది, ఉతకలేదు. నేను చెయ్యి చాపబోయి ఆగాను. ఆమే జేబు గుండీ విప్పి తీసింది. లైసెన్సు ఉంది. దాంతోపాటు కాగితంలో చుట్టిన గాజు పలకలు రెండు వచ్చాయి, ఒకటి పగిలింది. ఆమె పలకలను మళ్లీ జేబులోనే పెట్టి, గుండీ పెట్టి, లైసెన్సు మాత్రం నాకిచ్చింది.

పై ఆఫీసు మొదట కాదంది. పోస్టుమార్టం లేదు కాబట్టి కుదరదని ఉత్తరం రాసింది. ఇక అయిపోయిందనుకున్నాను నేను. మేడం ముఖంలో మొదటిసారి సంతోషం కనిపించింది. రాసి ఇచ్చారు కదా, ఇంక జవాబు రాయొచ్చు అంది. నాలుగు పేజీలు రాసింది. వాళ్లు ఇంకోటి అడిగారు, ఇంకోటి పంపింది. ఇట్లా ఏడాది మీద కొన్ని నెలలు నడిచి, చివరికి మంజూరైంది. మరుసటి ఏడే మేడంకు బదిలీ వచ్చింది. మా కంపెనీ మంచి పనిని గుర్తించదని ఎవరైనా అంటే నమ్మకండి. గుర్తిస్తుంది, వెంటనే బదిలీ చేస్తుంది.

మంజూరైన సంగతి చెప్పడానికి పెర్మిలి పోయాను. సోనీబాయి ఏడవలేదు, దండం పెట్టలేదు. ఒకటే అడిగింది.

“గిది అందరికుంటదా? మా ఊర్ల ఇంక ముగ్గురికి బండ్లున్నయ్. వాళ్లకెవరన్న చెప్పిండ్రా?”

ఎవరూ చెప్పలేదని ఆమెకూ తెలుసు. ఆ ముగ్గురినీ పిలిపించి, తన వాకిట్లో కూర్చోబెట్టి, పాలసీ చదవమని నాకు చెప్పింది. నేను ఒక్కో వాక్యం తెలుగులో చెబుతుంటే ఆమె గోండీలో చెప్పింది. నాకే అర్థం కాని చోట ఆపి మళ్లీ చదివించింది. ఏజెంటునైన ఇన్నేళ్లకు ఒక పాలసీని మొదటి నుంచి చివరి దాకా కస్టమరుకు వినిపించింది అదే మొదటిసారి. గంటన్నర పట్టింది. అంతకుముందు నేను ఒక్కో పాలసీకి అయిదు నిమిషాలు తీసుకునేవాణ్ణి, త్వరగా చేస్తానని నాకు పేరు కూడా ఉండేది.

ఫోనులోకి వచ్చిన కాయితం

ఇప్పుడంతా మారింది. కార్బన్ పేపరు లేదు, మసి లేదు. కొత్త బండి కొంటే అయిదేళ్ల థర్డ్ పార్టీ షోరూములోనే అంటగడతారు. పోలీసు బండిని ఆపనక్కర్లేదు, ఫోనులో నంబరు కొడితే గడువు దాటిందో లేదో తెలిసిపోతుంది. దొంగ కవర్ నోట్లు అమ్మినవాళ్ల నోట్లో మట్టి పడింది. ఎలుకలకూ తిండి పోయింది. ఇవన్నీ మంచివే, నేను కాదనను.

సర్వేయరు ఇదివరకు ఎనిమిది రోజులకు వచ్చేవాడు, ఇప్పుడు చిన్న దెబ్బలకైతే రానే రాడు. ప్రమాదం జరిగిన చోటి నుంచే వీడియో కాల్ చేయమంటారు. కమలాపూర్ దాటి అడవిలో పడినవాడు ముందు కాలు సరిచేసుకుని, బండి లేపుకుని, సిగ్నల్ దొరికే గుట్ట దాకా పోయి, అక్కడి నుంచి ప్రమాద స్థలాన్ని చూపించాలన్నమాట. హెల్ప్‌లైనుకు ఫోను చేస్తే హిందీకి ఒకటి నొక్కు, ఇంగ్లీషుకు రెండు నొక్కు అని ఒక ఆడమనిషి గొంతు తియ్యగా చెబుతుంది. తెలుగు వచ్చేసరికి మన నంబరులో బ్యాలెన్సు ఉంటుందో లేదో గానీ ఓపిక మాత్రం ఉండదు. పాలసీ ఇప్పుడూ చీమ తలకాయంత అక్షరాల్లోనే ఉంది. వేళ్లతో పెద్దది చేసుకునే వసతి మాత్రం ఇచ్చారు. ఎవరూ చేసుకోవడం లేదు.

మొన్న నా బండి గడువు ముగిస్తే శ్రావణికి చెప్పాను. రెండు నిమిషాల్లో ఫోనుకు పాలసీ వచ్చింది. నాకిప్పుడు చదివే జబ్బు ఉంది కాబట్టి అద్దాలు పెట్టుకుని చదివాను. సొంతదారుకు ప్రమాద బీమా అన్న చోట సున్నా ఉంది. నాగేపల్లికి పోయినప్పుడు అడిగాను.

“అది తీసేస్తే ప్రీమియం తక్కువైతది మామా” అంది. “ఇతనికి ఇప్పటికే వేరే ప్రమాద బీమా ఉన్నదా అని ఒక ప్రశ్న వస్తది. ఉన్నదని టిక్కు పెడితే సరి.”

“నాకు వేరేది ఉన్నదా?”

“ఉంటదేమో అనుకున్న.”

“ఎంతమందికి పెట్టినవ్ గిట్ల?”

ఆ అమ్మాయి ఫోనులో కస్టమర్ల జాబితా కిందికి జరుపుకుంటూ చాలాసేపు చూసింది. “అందరికీ” అంది.

నేను తిట్టలేదు. తిట్టే హక్కు నాకు లేదు. నేను ఒక మాట చెప్పకుండా దాచాను, ఆమె ఒక టిక్కుతో తీసేసింది. పెర్మిలి సంగతి మాత్రం మొదటి నుంచీ చెప్పాను. చొక్కా దాకా వచ్చేసరికి ఆమె ఫోను పక్కన పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టి ఒక్కొక్కరికీ ఫోను చేసింది. నేను మీ కాయితంలో తప్పు టిక్కు పెట్టాను, సరిచేసుకోవాలంటే ఇంకొంచెం ఖర్చవుతుంది, ఎందుకు చేసుకోవాలో చెబుతాను వినండి అని. కొందరు తిట్టారు. ఒకతను ఆ రోజే వేరే ఏజెంటు దగ్గరికి మారాడు. చాలామంది ఇదేదో సైబర్ మోసమని మధ్యలోనే పెట్టేశారు. ఇన్సూరెన్సు మనిషి తనంతట తాను ఫోను చేసి తప్పు ఒప్పుకుంటే అనుమానం రావడం సహజమే, వాళ్లను తప్పుపట్టలేను. మూడు రోజులు గడిచేసరికి ఆమె గొంతు బొంగురుపోయింది. సగంమంది కంటే తక్కువే సరిచేసుకున్నారు.

అట్లా సరిచేసుకున్నవాళ్లలో కమలాపూర్ వైపు కిరాణా సరుకు వేసే రాజన్న ఒకడు. ఫుల్ పాలసీ ఉన్నవాడు. అంతా చదివించుకుని విని, ఒక సందేహం అడిగాడు. దారిలో పులి ఎదురైతే తాను బండిని పడేసి ఉరుకుతాడు. అప్పుడు బండికి తగిలే దెబ్బ ప్రమాదం కిందికి వస్తుందా, లేక కావాలని పడేసినట్టు అవుతుందా? అతను హాస్యానికి అడగలేదు. మా అడవుల్లో ఇప్పుడు పులులు తిరుగుతున్నాయి, అతను రోజూ ఆ దారిన పోతాడు.

శ్రావణి నాకు ఫోను చేసింది. నాకు తెలియదన్నాను. పాలసీ తీసి రెండుసార్లు చదివాను, అయినా తెలియలేదు. కంపెనీకి రాసి అడగమన్నాను.

రాసింది. మమ్మల్ని సంప్రదించినందుకు ధన్యవాదాలు, మీ సంతృప్తే మాకు ముఖ్యం అని నిమిషంలో జవాబు వచ్చింది. అది మనిషి రాసింది కాదు. మళ్లీ రాసింది. మళ్లీ అదే. మూడోసారి రాసినప్పుడు, పది రోజులకు, కింద పేరు పెట్టి ఒక మనిషి రాసిన జవాబు వచ్చింది. సంఘటన జరిగిన తేదీ, స్థలం తెలిపి, పులి ఫొటో గానీ అటవీ శాఖ ధ్రువపత్రం గానీ జతచేయమని.

శ్రావణి దాన్ని నాకు చదివి వినిపించింది. ఇద్దరం నవ్వుకున్నాం. ఇంక వదిలేస్తుందనుకున్నాను. ఆమె అక్కడే కూర్చుని నాలుగో ఉత్తరం రాసి, పంపే ముందు నాకు చూపించింది. అందులో రెండే వాక్యాలు ఉన్నాయి.

“పులి ఇంకా రాలేదండీ. అది వచ్చేలోపే మా కస్టమరుకు జవాబు చెప్పాలని అడుగుతున్నాను.”